చంద్రుడి మీద పత్తి తూకం

కాటా ముల్లు నడిమికి వచ్చి ఆగింది. గొలుసులకు వేలాడే ఒక పలక మీద పత్తి మూట, రెండో పలక మీద యాభై కిలోల రాళ్ళు. జిన్నింగు మిల్లు నుంచి వచ్చిన, కాటా వేసే పెద్దాయన మూట మీద నుంచి చెయ్యి తీసి, పైగుడ్డతో అరచేతులు తుడుచుకుని, గోడకు తగిలించిన చార్టు వైపు తిరిగాడు. ఆయనకు అంకెలు వచ్చు, అక్షరాలు రావు. చంద్రుడి బొమ్మ పక్కన ఏం రాసి ఉందో చదవమని దగ్గర నిలబడిన అమ్మాయిని అడిగాడు. ఇక్కడ యాభై కిలోలున్న పత్తి చంద్రుడి మీద కాటా వేస్తే ఎనిమిది కిలోల చిల్లర తూగుతుందని ఆ అమ్మాయి గట్టిగా చదివింది.

"ఇది తప్పు, టీచరమ్మా," అన్నాడాయన. "చంద్రుడి మీదైనా యాభై కిలోలే తూగిద్ది."

నరసరావుపేటలో ఒక హైస్కూలు హాలది. ఆరోజు సైన్సు ప్రదర్శన. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చిన రైతులు, మిల్లు హమాలీలు, పిల్లలు, పిల్లల తల్లులు కలిపి రెండు వందల మంది దాకా ఉంటారు. అందరి ముందు కుర్చీలో స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు కూర్చుని ఉన్నాడు. ఆయన మోకాలి మీద చిన్న నోటుపుస్తకం తెరిచి ఉంది. చార్టు రాసిన సైన్సు టీచరు చేతిలో బెత్తంతో చంద్రుడి బొమ్మ దగ్గరే నిలబడి ఉంది. జనం పెద్దాయన్ని చూడలేదు, ఆమెనూ చూడలేదు. ఇన్‌స్పెక్టరు చేతిలోని పెన్సిలును చూశారు. ఎందుకంటే ఆమె ఉద్యోగం అప్పటికి తాత్కాలికం. ఆ తనిఖీలో ఆయన ఏం రాస్తాడో దాన్నిబట్టే ఆమె వచ్చే ఏడాది ఆ బడిలో ఉండేదీ లేనిదీ తేలుతుందని హాల్లో ఉన్న సగం మందికి తెలుసు.

ఆ చార్టులో 'కాటా' అనే మాట పెట్టించింది నేను.

అప్పట్లో నేను ఒక దినపత్రికకు నరసరావుపేట విలేఖరిని. మిరపకాయల ధర, మునసబు కోర్టు తీర్పులు, సాగర్ కాలవ తవ్వకం ఎంతదాకా వచ్చింది, మాచర్ల రైలు ఎన్ని గంటలు ఆలస్యం, ఇవీ నా వార్తలు. రాసి కవరులో పెట్టి బెజవాడ వెళ్ళే రైలులో వేస్తే రెండో రోజు అచ్చులో కనపడేది. నాకు పని నేర్పిన సబ్ ఎడిటరు ఒకే ఒక సూత్రం చెప్పాడు. రైతుకు తెలియని మాట వార్తలో పడితే దాన్ని కొట్టేసి రైతుకు తెలిసిన మాట పెట్టు. ఆ సూత్రం మీద నేను పదేళ్ళు బతికాను. అది చాలాసార్లు నిలబెట్టింది. ఒక్కసారి ముంచింది.

ఆ ఏళ్ళలో మా ఊరికి రెండు కొత్త సంగతులు దాదాపు ఒకేసారి వచ్చాయి. ఒకటి కిలో, రెండోది ఆకాశం. వీశెలు, మణుగులు పోయి కిలోలు వచ్చాయి. కొట్టుకొట్టుకూ తనిఖీదారులు తిరిగి పాత రాళ్ళు పట్టుకుపోయారు. మా వైపు తూకానికి వాడేవి ఇనుమువైనా ఇత్తడివైనా వాటిని రాళ్ళనే అంటాం. కొత్త రాళ్ళు వచ్చిన ఏడాది మిల్లు దగ్గర రైతులు గొడవ పడితే కాటా పెద్దాయనే సర్దిచెప్పాడు. సరుకు మారలేదు, రాళ్ళు మారాయి అని ఆయన ఒక్కొక్కరికీ చూపించి పంపేవాడు. ఇక ఆకాశం సంగతి. రష్యావాళ్ళు ముందు యంత్రాన్ని, తర్వాత మనిషినీ పైకి పంపారు. అమెరికావాళ్ళ యంత్రం ఒకటి శుక్రుడి పక్కగా పోయింది. మంగలి షాపులో గెడ్డం చేయించుకుంటూ జనం నన్ను అడిగేవారు, అది నిజమేనా, పత్రికవాళ్ళు కల్పించారా అని. నాకు తెలిసింది అరకొర. తెలియనిది తెలుసుకోవడానికి నేను వెళ్ళేది ఆ టీచరు దగ్గరికి.

ఆమెది రొంపిచెర్ల పక్క పల్లె. క్రైస్తవ కుటుంబం. తండ్రి చిన్న బడిలో పంతులు, తల్లి కూలికి పోయి కూతుర్ని గుంటూరులో బి.ఎస్సీ. చదివించింది. ఆ హైస్కూల్లో ఆడపిల్లలకు సైన్సు చెప్పేది ఆమె ఒక్కతే. ఆమె వచ్చాకే తొమ్మిదో తరగతిలో పద్నాలుగు మంది అమ్మాయిలు సైన్సు తీసుకున్నారు. ఆమె పోతే ఆ పద్నాలుగు మందీ వేరే సబ్జెక్టుకు మారాలని హెడ్‌మాస్టరు ముందే చెప్పేశాడు. ఏప్రిల్‌తో ఆమె నియామకం ముగుస్తుంది. తనిఖీ రిపోర్టు బాగుంటే పర్మనెంటు, లేకపోతే సెలవు. ఆమె ఈ సంగతి నాతో ఎప్పుడూ ప్రస్తావించలేదు. హెడ్‌మాస్టరు చెప్పాడు.

ప్రదర్శన కోసం ఆమె రెండు నెలలు కూర్చుని గ్రహాల చార్టు తయారుచేసింది. మూడు గడులు. లాగుడు, గాలి, బతుకు. పాఠ్యపుస్తకంలో 'ఆకర్షణ' అని ఉంటుంది. ఆ మాట రాస్తే పెద్దపిల్లలు నవ్వుతారని 'లాగుడు' అని పెట్టింది. గ్రహం తన మీద నిలబడినదాన్ని ఎంత బలంగా కిందికి లాగుతుందో మొదటి గడి చెబుతుంది. చంద్రుడిది మన భూమిలో ఆరో వంతు. అంగారకుడిది మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. శుక్రుడిది దాదాపు మనంత, పదింట తొమ్మిది వంతులు. గురుడిది రెండున్నర రెట్లు, అయితే అక్కడ నిలబడడానికి నేలంటూ ఉందో లేదో అనుమానం. రెండో గడిలో గాలి. చంద్రుడికి లేదు. అంత తక్కువ లాగుడుతో గాలిని పట్టి ఉంచుకోలేకపోయాడని ఆమె పిల్లలకు చెప్పేది. అంగారకుడి గాలి పల్చన. శుక్రుడి గాలి చిక్కన, ఎంత చిక్కనో అప్పటికి ఎవరికీ తెలియదు. మూడోది బతుకు గడి. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. శుక్రుడి మబ్బుల కింద వానలు, అడవులు ఉండొచ్చని నిన్నమొన్నటిదాకా పెద్ద పెద్దవాళ్ళే రాశారు. పక్కగా పోయిన యంత్రం అక్కడ పెనం మీద వేడి ఉందని చెప్పింది. నేనిచ్చిన పత్రిక ముక్క చూసి ఆమె 'ఉండవచ్చు' అన్నదాన్ని కొట్టేసి 'కష్టం' అని రాసింది. అంగారకుడికి మాత్రం 'ఉండవచ్చు' అలాగే ఉంచింది.

"ఇంత దగ్గర చుట్టమై ఉండి శుక్రుడు ఇట్లా అయిపోయాడేంటండీ," అంది ఆరోజు. పరిమాణంలో, లాగుడులో భూమికి తోడబుట్టినట్టు ఉండి గాలి దగ్గర దారి తప్పాడు అని వివరించింది. ఒక తల్లి పిల్లలే అయినా బతుకులు వేరు అన్నట్టు.

లాగుడు చూపించడానికి ఆమె తన లాబొరేటరీలోని స్ప్రింగు త్రాసును పెట్టుకుంది. జానెడు ఇత్తడి గొట్టం, కింద కొక్కెం. కొక్కేనికి వస్తువు తగిలిస్తే లోపలి స్ప్రింగు సాగి అంకె చూపిస్తుంది. చార్టులో కూడా 'స్ప్రింగు త్రాసులో ఇంత' అనే రాసుకుంది. నేను చూసి పెదవి విరిచాను. ఈ గొట్టం ఎవరికి తెలుసు, పల్లెల నుంచి వచ్చేవాడు దీన్ని చూసి ఏమనుకుంటాడు, కాటా అని రాయండి, మిల్లులో కాటా తెప్పిస్తాను, పత్తి మూట పెట్టి చూపిస్తే హాలు నిండుతుంది అన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, రెండూ బరువు చూసేవే కదా అంది. నేనూ అంతే కదా అన్నాను. అలా చార్టులో ఆరుచోట్ల స్ప్రింగు త్రాసు పోయి కాటా వచ్చింది. రెండు రోజుల ముందే నా పత్రికలో వార్త కూడా పడింది. చంద్రుడి మీద పత్తి కాటా వేస్తే ఎంత తూగుతుందో ఎల్లుండి నరసరావుపేటలో చూడవచ్చు అని.

నేనన్నట్టే హాలు నిండింది. మిల్లు కాటా బండి మీద వచ్చింది. దాన్ని వేరొకరు ముట్టుకుంటే ముల్లు చెడుతుందని పెద్దాయన తానే వచ్చి మూడు వాసాలు కట్టి వేలాడదీశాడు. ఆయనది నూజెండ్ల వైపు. ఇరవై ఏళ్ళుగా ఆ మిల్లులో కాటా ఆయన చేతి మీదే నడిచింది. ఆయన తూకం మీద రైతుకూ వ్యాపారికీ పేచీ వచ్చిందని నేను వినలేదు.

పొద్దుట నుంచీ ప్రదర్శన సరదాగానే సాగింది. అంగారకుడి దగ్గర టీచరు ఆగి, పూర్వం కొందరు దుర్బిణిలో చూసి అక్కడ కాలవల్లాంటి గీతలున్నాయని అన్నారనీ, ఇప్పుడు చాలామంది నమ్మడం లేదనీ చెప్పింది. రొంపిచెర్ల రైతు ఒకాయన వెనక నుంచి లేచాడు. ఆయన పొలం పక్కగా సాగర్ కాలవకు గుర్తురాళ్ళు పాతి అప్పటికి చాలా కాలమైంది.

"అక్కడ తవ్వకం అయిపోయిందన్నమాట," అన్నాడు. "నీళ్ళెప్పుడు వదుల్తారంట?"

హాలంతా నవ్వింది. అక్కడ కూడా ఇంజనీర్ల సర్వే మాత్రమే అయి ఉంటుందిలే బాబాయ్ అని పక్కవాడు అన్నాడు. టీచరు కూడా నవ్వి, నీళ్ళుంటేనే బతుకు గడిలో అవును అని రాయగలం, అందుకే అందరూ ముందు నీళ్ళకోసమే వెతుకుతున్నారు అంది. ఆ మాటకు రైతులు తలలాడించారు. పల్నాడులో ఆ ఒక్క సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాతే ఇన్‌స్పెక్టరు వచ్చి కూర్చోవడం, పెద్దాయన మూట తూయడం, చార్టు చదివించుకోవడం.

తప్పు అని ఆయన అన్నాక హెడ్‌మాస్టరు ముందుకు వచ్చి, ఇది సైన్సు పెద్దాయనా, మన కాటా లెక్క కాదు అని ఆపబోయాడు. పెద్దాయన ఆగలేదు. అలాగని గొంతు పెంచనూ లేదు.

"మూట ఒక్కటే చంద్రుడి మీదకి పోదుగా, అయ్యగారూ. కాటా పోవాల, రాళ్ళూ పోవాల. మూట తేలికైతే రాళ్ళూ అంతే తేలికైతై. ఇంక ముల్లు ఎటు వంగిద్ది? నడిమే నిలబడిద్ది."

ఇన్‌స్పెక్టరు మొదటిసారి నోరు విప్పాడు. "ఏ రాళ్ళు? చంద్రుడి మీద ఉండే రాళ్ళా?" అని అడిగాడు. ఆయన మద్రాసులో చదువుకున్న మనిషి. తూకపు రాళ్ళండీ అని హెడ్‌మాస్టరు చెప్పాడు. ముందు వరసలో పిల్లలు నోళ్ళకు చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఇన్‌స్పెక్టరు తలాడించి టీచరు వైపు చూశాడు.

ఆమె ముల్లునే చూస్తోంది. నేను ఆమె ముఖం చూస్తున్నాను. పెద్దాయన అన్నది ఆమెకు ఎప్పుడు బోధపడిందో ఆ క్షణం నాకు స్పష్టంగా కనపడింది, ఎందుకంటే అదే క్షణంలో నాకూ బోధపడింది. నేను లేచి ఆ మాట నాదని చెప్పాల్సింది. లేవలేదు. నా పత్రికా జీవితంలో వార్తలో నేనెప్పుడూ కనపడకూడదనే అలవాటు ఉంది. ఆరోజు ఆ అలవాటు చాటున దాక్కున్నాను.

ఆమె బెత్తం కింద పెట్టి, బల్ల మీదున్న నల్లసిరా కుంచె తీసుకుని, చార్టులో 'కాటా' అన్న మాట మీద అడ్డంగా ఒక గీత గీసింది. ఒకటి తర్వాత ఒకటి, ఆరుచోట్లా. హాల్లో కుంచె కాగితానికి రాసుకునే చప్పుడు వినిపించింది.

"పెద్దయ్య చెప్పింది నిజం. నేను రాసింది తప్పు," అంది జనంతో. తర్వాత ఆయన వైపు తిరిగింది. "అయితే పెద్దయ్యా, మూట తేలికైంది, కాటా చెప్పదు. మరి తేలికైన సంగతి మనకు ఎట్లా తెలుస్తుంది?"

ఆయన మూట చుట్టూ ఒకసారి నడిచాడు. గుమ్మం దగ్గర నిలబడిన మిల్లు హమాలీలను చూశాడు.

"కాటాకి తెలవదమ్మా. హమాలీ నడుముకి తెలిసిద్ది."

నాకు తెలిసి గురుత్వం గురించి అంతకన్నా పొట్టి పాఠం లేదు. ఆమె ముఖం వెలిగింది. బీరువాలోంచి స్ప్రింగు త్రాసు తెచ్చి అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకుంది. ఇది హమాలీ నడుము లాంటిది అంది. దీనికి ఎదురు రాళ్ళుండవు. ఎంత లాగితే అంత సాగుతుంది. చంద్రుడి మీద తక్కువ సాగుతుంది, గురుడి మీద ఎక్కువ సాగుతుంది. కాటా మాత్రం రెండు వస్తువులను పక్కపక్కన పెట్టి పోల్చుతుంది. అది చెప్పేది ఆ మూటలో ఎంత పత్తి ఉందన్నదే. ఎక్కడికి తీసుకుపోయినా పత్తి తరగదు. పాఠ్యపుస్తకంలో బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అని ఉంటుంది, మనం బట్టీ పట్టాం, దాని అర్థం ఇదీ అంది. పద్నాలుగు మంది అమ్మాయిలూ కుర్చీల అంచులకు వచ్చి వింటున్నారు.

హమాలీలను ముందుకు పిలిచింది. వాళ్ళలో ఒకతను మూటను వీపు మీదకు ఎత్తుకున్నాడు. ఇదే మూట చంద్రుడి మీద నీ నడుముకు ఎనిమిది కిలోల చిల్లరగా తోస్తుంది, అంగారకుడి మీద పంతొమ్మిదిగా, గురుడి మీద నూట పాతికగా అని చెప్పింది.

"గురుడి మీద మాకు పనొద్దమ్మా," అన్నాడతను మూట కిందికి దించకుండానే. "అంగారకుడి మీద అయితే ఒకేసారి రెండు మూటలు ఎత్తుకుంటా."

ఎత్తుకుంటావు గానీ ఊపిరి అందదు అని ఒక అమ్మాయి వెనక నుంచి రెండో గడి గుర్తుచేసింది. మళ్ళీ నవ్వులు. అప్పటికి సభ తేలికపడింది. ఇన్‌స్పెక్టరు మాత్రం నవ్వలేదు. లేచి చార్టు దగ్గరకు వెళ్ళి, కొట్టివేతలను ఒక్కొక్కటే చూశాడు. తప్పు చార్టు పిల్లల ముందు ఎలా పెట్టారని అడిగాడు. తప్పని తెలియక పెట్టానండీ, తెలిశాక దిద్దాను అంది ఆమె. ఈ కాటా ఆలోచన ఎవరిదని అడిగాడు. చార్టు నాదండీ అంది. ఆయన ఏదో రాసుకుని, పుస్తకం జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఉదయం నేను ట్రావెలర్స్ బంగళాకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు వరండాలో కాఫీ తాగుతున్నాడు. కాటా అన్న మాట నా సలహా అనీ, ఆమె ముందు సరిగ్గానే రాసుకుందనీ చెప్పాను. ఆయన పూర్తిగా విన్నాడు. కటువుగా మాట్లాడలేదు. ఎవరి ఆలోచన అని నిన్న అంతమందిలో అడిగినప్పుడు ఆమె మీ వైపు కనీసం చూడను కూడా లేదు, మీరు అక్కడే ఉన్నారు కదా అన్నాడు.

"పత్రికలో తప్పు పత్రికలో దిద్దుకోండి," అన్నాడు చివరికి. "నా పుస్తకంలో నేను చూసింది రాస్తాను."

ఆ సాయంత్రమే సవరణ రాసి కవరు రైలులో వేశాను. చంద్రుడి మీద బరువు ఆరో వంతే కానీ కాటా తూకంలో మాత్రం తేడా కనపడదు, ముందటి వార్తలో ఆ మాట పొరపాటు, బాధ్యత విలేఖరిదే అని నాలుగు వాక్యాలు. పత్రికలో చోటు చాలలేదని డెస్కువాళ్ళు కత్తిరించారు. రెండు వాక్యాలు మిగిల్చి శీర్షిక పెట్టారు: 'చంద్రుడి మీద బరువు మారదు'.

పత్రిక పట్టుకుని బడికి వెళ్ళి తల వంచుకుని నిలబడ్డాను. ఆమె చదివి, పత్రిక మడిచి నా చేతికిచ్చింది.

"మొదటిసారి మీరు సగం తప్పు రాశారు, ఇప్పుడు వాళ్ళు మిగతా సగం పూర్తి చేశారు," అంది. "ఇంకో సవరణ మాత్రం పంపకండి."

కోపం లేదు. కానీ నవ్వు కూడా ఎంతోసేపు నిలవలేదు. రిపోర్టు ఎప్పుడు వస్తుందో హెడ్‌మాస్టరుకు ఏమైనా తెలిసిందా అని అడిగింది. ఉద్యోగం గురించి ఆమె నాతో మాట్లాడడం అదే మొదలు.

పది రోజుల తర్వాత, ఒక మధ్యాహ్నం, ఆమె నన్ను జిన్నింగు మిల్లుకు తీసుకెళ్ళమంది. చేతిలో కొలత టేపు, నోటుపుస్తకం ఉన్నాయి. పత్తి సీజను మంచి ఊపులో ఉంది. మిల్లు ఆవరణంతా తెల్లటి నూగు ఎగురుతోంది. హమాలీల కనురెప్పల మీద కూడా దూది. పెద్దాయన కాటా దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. ఆరోజు అంతమందిలో అనాల్సింది కాదమ్మా, ముల్లు చూస్తే నోరు ఆగదు నాకు అన్నాడు.

అందుకు రాలేదు, మీరన్నదాంట్లో కూడా చిన్న తేడా ఉంది, అది చెప్పడానికి వచ్చానంది. ఒక మూట చుట్టుకొలత, ఎత్తు టేపుతో కొలిచింది. బావిలో చేద నీళ్ళలో ఉన్నంతసేపు తేలిగ్గా ఉండి పైకి రాగానే ఎందుకు బరువెక్కుతుందని అడిగింది. నీళ్ళు మోస్తాయి గనక అన్నాడాయన. గాలి కూడా అంతే అంది. ఎంత చోటు ఆక్రమిస్తే అంత మోస్తుంది. రాళ్ళు ఇనుము, చిన్నవి, గాలి వాటిని పట్టించుకోదు. పత్తి మూట ఇంత పెద్దది గనక గాలి దాన్ని అరకిలోకు పైగా పైకి ఎత్తి పట్టుకుంటోంది. చంద్రుడి మీద గాలి లేదు. అక్కడ ఆ చెయ్యి తీసేసినట్టే. అందువల్ల ముల్లు సరిగ్గా నడిమే నిలవదు, మూట వైపుకు కాస్త వంగుతుంది.

పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. గొలుసు పట్టుకుని ఖాళీ పలకను ఒకసారి ఊపి, అది ఆగేదాకా చూశాడు.

"అంటే నేను చెప్పిందీ తప్పేగా," అన్నాడు.

"అరకిలో తప్పు పెద్దయ్యా. నేను నలభై రెండు కిలోలు తప్పు రాశాను."

ఆయన నవ్వాడు. ఆ ఇరవై ఏళ్ళలో ఆయన నవ్వడం చూడలేదని హమాలీలు నాతో తర్వాత చెప్పారు. "ఇన్నాళ్ళూ నాకు కనపడకుండా గాలి మూట కింద చెయ్యి పెట్టి మోస్తా ఉంది," అన్నాడు వాళ్ళతో. "ఒరేయ్, మీకొక జతగాడున్నాడంట."

ఆ జతగాడు మీకన్నా చానా మేలు, బీడీ అడగడు అని కూడా అన్నాడు. తర్వాత ఆయనే అడిగాడు. గాలి చిక్కగా ఉండే చుక్క ఏదో ఉందన్నారు కదా, అక్కడ ఈ మూట ఎంత తూగిద్ది అని. శుక్రుడు అని ఆమె చెప్పింది. అక్కడి గాలి ఎంత చిక్కనో ఇంకా ఎవరూ కొలవలేదు, కొలిచినరోజు వచ్చి లెక్క వేసి చెబుతానంది. అది తేలేసరికి ఏళ్ళు పట్టింది. నేల దగ్గర శుక్రుడి గాలి మన గాలికన్నా యాభై రెట్లకు పైగా చిక్కన. అక్కడ మూట తూకంలో సగానికి పైగా గాలే మోసేస్తుంది. ముల్లు నిలబడేలోపు పత్తి మాడిపోతుంది, అది వేరే సంగతి. ఆ లెక్క నేను వేసుకునే నాటికి పెద్దాయన లేడు.

ఆ వేసవి సెలవులకు ముందు ఆమె పెద్దాయన్ని తరగతికి పిలిపించింది. చిన్న కాటా ఒకటి, స్ప్రింగు త్రాసు ఒకటి పక్కపక్కన పెట్టి ఇద్దరూ కలిసి పాఠం చెప్పారు. నేను వెనక బల్ల మీద కూర్చుని విన్నాను, వార్త రాయలేదు. నూజెండ్ల మాటలో గురుత్వం వింటూ అమ్మాయిలు నోట్సు రాసుకోవడం మానేశారు. రాసుకోకపోయినా ఆ సంవత్సరం పరీక్షలో ఆ ప్రశ్న తప్పినవాళ్ళు లేరని హెడ్‌మాస్టరు గర్వంగా చెప్పాడు.

తనిఖీ రిపోర్టు మేలో వచ్చింది. గ్రహాల చార్టు గురించి అందులో ఒకే వాక్యం ఉంది. చార్టులో పొరపాటు ఉన్నదనీ, ఉపాధ్యాయురాలు సభలోనే దిద్దినదనీ. ఆ వాక్యం మెచ్చుకోలో మందలింపో హెడ్‌మాస్టరు నాలుగుసార్లు చదివి కూడా తేల్చలేకపోయాడు. కింద సిఫారసు గడిలో పర్మనెంటుకు అర్హురాలు అని ఉంది. ఆ కాగితం పై ఆఫీసుకు వెళ్ళింది. జూన్‌లో జవాబు వచ్చింది, నియామకం మరో ఏడాది పొడిగించారని. పర్మనెంటు సంగతి పరిశీలనలో ఉందని చివర ఒక ముక్క. పద్నాలుగు మంది అమ్మాయిలు పదో తరగతిలోనూ సైన్సే చదివారు. కొత్తగా తొమ్మిదిలోకి వచ్చినవాళ్ళలో ఇరవై మంది సైన్సు అడిగారు.

అరవై అయిదులో అంగారకుడి దగ్గరగా పోయిన యంత్రం ఫొటోలు పంపింది. కాలవలు లేవు, గుంటలున్నాయి. గాలి అనుకున్నదానికన్నా చాలా పల్చన. ఆ వార్త వచ్చిన పత్రిక ముక్కలు ఆమెకు ఇవ్వడానికి వెళితే, ఆమె ముందే ఒకటి సంపాదించి కొత్త చార్టు మొదలుపెట్టి ఉంది. బతుకు గడిలో ఏం రాస్తారని అడిగాను. గుంటల ఫొటోలో ఉడత కనపడదు కదండీ, చిన్న ప్రాణులుంటే అంత దూరం నుంచి ఎట్లా తెలుస్తుంది, కింద దిగి చూసేదాకా కొట్టెయ్యను అంది. అప్పటికి ఆమె తరగతిలో చదివిన ఇద్దరమ్మాయిలు గుంటూరు కాలేజీలో సైన్సులో చేరారు.

ఆ ఏడాది చివర్లో నన్ను గుంటూరుకు మార్చారు. వెళ్ళేముందు ఆమె ఫైలు సంగతి కనుక్కుందామని రెండుసార్లు ఆఫీసు మెట్లెక్కాను. అది జిల్లా ఆఫీసులోనే ఉందని ఒక గుమాస్తా అన్నాడు. హైదరాబాదు వెళ్ళిందని ఇంకొకాయన అన్నాడు. ఆమె నియామకాన్ని అప్పటికి రెండోసారి పొడిగించారు. ఫైలు ఎక్కడుందో నేను ఊరు విడిచే నాటికి తేలలేదు.